నీలకంఠం డబ్బా, రత్నాలమ్మ పాట

భోజనాల వేళ దాటాక వాన పట్టుకుంది. ఉద్దానంలో వాన నెత్తిమీద పడి ఊరుకోదు. సముద్రం వైపు నుంచి అడ్డంగా వచ్చి, కొబ్బరి మట్టలను దువ్వుకుంటూ, వీధుల్లోకి దూరిపోతుంది. అది ఎవరిని ఎక్కడ పట్టుకుంటే వాళ్లు అక్కడే దొరికిన చూరు కింద తలదాచుకోవాలి. ఆవేళ అలా దొరికిపోయిన వాళ్లంతా రత్నాలమ్మ వీధరుగు మీదికి చేరారు.

రత్నాలమ్మ అప్పటికే అరుగు మీద చేట ముందేసుకుని కూర్చుని ఉంది. పలాస ఫ్యాక్టరీ నుంచి బస్తాలతో వచ్చే జీడిపప్పుకు పొట్టు తీయడం ఆమె పని. పక్కింటి కమలకుమారి కూడా తన చేట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. కొబ్బరికాయల బేరగాడు సన్యాసయ్య వ్యాను మీద టార్పాలిన్ లాగి, పరుగున వచ్చి, స్తంభానికి చేరబడి బీడీ ముట్టించాడు. గుమ్మంలో రత్నాలమ్మ కోడలు తనూజ. ఆమె ఒళ్లో అయిదు నెలల ఆడపిల్ల, గుక్కపట్టి ఏడుస్తోంది.

తనూజది నిమ్మాడ. ఈ ఇంటికి కోడలై వచ్చి రెండేళ్లు దాటింది. మొగుడు నాగరాజు లారీ డ్రైవరు, వారంలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది అత్తా కోడళ్లు, ఈ పసిదీ. అత్త ఏనాడూ కోడలిని ఒక్క మాట అనలేదు. ఆ ఒక్క మాటా అనకపోవడమే తనూజకు కష్టంగా ఉండేది. తిట్టదు, మెచ్చుకోదు, కబుర్లు చెప్పదు. "అన్నం తిన్నావా", "గేటేసినావా", "గుంటదానికి నీళ్లు కాగినాయా". అంతే. రోజంతా కలిపినా గుప్పెడు మాటలు.

"మీ అత్త పాట ఇన్నావేటమ్మా?" అని మాత్రం ఊళ్లో కనబడిన ప్రతివాళ్లూ అడిగేవారు. వినలేదంటే ఏదో పోగొట్టుకున్నదాన్ని చూసినట్టు చూసేవారు. మావగారు పైడయ్యను కిడ్నీ జబ్బు తినేసింది. డయాలసిస్‌కని పలాస తీసుకెళ్లే ఆటోలో కూడా రత్నాలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని పాడుతూ ఉండేదట. ఆయన పోయాక ఆ నోరు మూతపడింది. నాట్లలో అడిగారు, తోటల్లో అడిగారు, కొడుకు పెళ్లిలో అయితే కాళ్లావేళ్లా పడ్డారు. పెదవి విప్పలేదు.

తనూజకు, నిజం చెప్పాలంటే, ఆ పాట మీద అంత నమ్మకం లేదు. ఇప్పుడు వినబడని పాటను ఎంత గొప్పగానైనా చెప్పుకోవచ్చు, ఎవరు కాదంటారు, అనుకునేది. పసిది పుట్టాక ఒకసారి ధైర్యం చేసి, "అత్తా, దీనికోసమైనా ఒక పాట పాడవా?" అని అడిగింది. "ఫోన్లో ఉన్నాయి గదమ్మా. పెట్టు" అంది రత్నాలమ్మ, లేచి పెరట్లోకి వెళ్తూ. ఆనాటి నుంచి ఆ ఇంట్లో జోల పాడేది ఫోనే. ఇప్పుడు కరెంటు లేదు, ఫోన్లో చార్జింగూ లేదు. పసిదాని ఏడుపు వానను మించిపోతోంది.

సరిగ్గా అప్పుడు నీలకంఠం వచ్చాడు. తలనుంచి కాళ్లదాకా తడిసి ముద్దయ్యాడు. చంకలో గొడుగు మాత్రం ప్లాస్టిక్ సంచీలో భద్రంగా ఉంది.

"గొడుగుండి ఎందుకు తడిసినావు బావా?" అన్నాడు సన్యాసయ్య.

"కొత్త గొడుగురా. తడిసిపోద్ది గదేటి."

నీలకంఠం పైడయ్యకు ప్రాణస్నేహితుడు. రత్నాలమ్మ ఆయన్ని అన్నయ్యా అంటుంది. కొబ్బరి తోట, జీడి తోట ఉన్నాయి, వాటిని చూసుకోవడానికి కొడుకులున్నారు. కనుక మాట్లాడడం తప్ప ఆయనకు వేరే పనంటూ లేదు. ఆ పని మాత్రం ఒళ్లు దాచుకోకుండా చేస్తాడు. తువ్వాలు పిండి తల తుడుచుకుని, అరుగు మీద మఠం వేసుకుని కూర్చుని, పసిదాని వైపు చూశాడు.

"ఏటే కోడలా, గుంటదాన్నలగ ఏడిపిత్తన్నావు?"

"తొంగోనేదు మావయ్యా. ఫోను సచ్చిపోనాది."

"ఫోనా!" నీలకంఠం పకపకా నవ్వాడు. "ఈ ఇంట్లో గుంటల్ని తొంగోబెట్టడానికి ఫోను గావాలొచ్చిందేటి? ఓలమ్మా, మీ అత్త పాటకీ, నా డబ్బాకీ కలిపి ఒక రైలు తొంగుండిపోనాది. తెలుసా నీకు?"

"అదిగో, బావ డబ్బా మొదలైపోనాది" అన్నాడు సన్యాసయ్య, బీడీ పొగ వానలోకి వదులుతూ.

నీలకంఠం ఆ మాటను పట్టించుకోలేదు. గుమ్మం పక్కన బోర్లించి ఉన్న పాత నూనె డబ్బాను ముందుకు లాక్కున్నాడు. దాని మీద రెండు వేళ్లతో టకటకలాడించి, గొంతు సవరించుకున్నాడు.

"ఇను మరి. నాను, పైడయ్య, ఇదిగో మీ అత్త, ముగ్గురం మీ నిమ్మాడలోనే ఒక పెళ్లికెల్లి తిరిగొత్తన్నాం. హరిశ్చంద్రపురం స్టేషన్లో పాసింజరు కోసం కూకున్నాం. పెళ్లోరిచ్చిన లడ్డూల డబ్బా నా ఒళ్లోనే ఉన్నాది, కాళీది. ఎలగ కాళీ అయిపోనాదంటావా, అది మరో కత, దాన్నిప్పుడు తియ్యకు. ఎండ సూత్తే పట్టాలు మెత్తబడిపోయేలాగున్నాది. అక్కడొక తల్లి ఒళ్లో గుంటడు, ఇదిగో అచ్చం ఇలగే, గుక్కపట్టీసినాడు. ఒకడు బిస్కట్టిత్తన్నాడు, ఒకడు తాళాలగుత్తి ఆడిత్తన్నాడు, ఇంకొకడు కుక్కలాగ మొరుగుతున్నాడు. ఆగడే! అప్పుడు మీ అత్త, ఎవులూ అడగనేదు, మెల్లగా మొదలెట్టినాది. నాను డబ్బా తిరగేసినాను. ఇలగ." టక్కు టకటక, టక్కు టకటక. "రెండు సరణాలయ్యేసరికి గుంటడు తొంగున్నాడు."

"అదైతే నిజమే" అంది కమలకుమారి. "మా పెద్దోడూ అలగే తొంగునేవోడు."

ఈ ఒప్పుకోలు చాలు నీలకంఠానికి. ఆయన వీపు నిటారైంది.

"గుంటడితో ఆగితే నాను సెప్పడం ఎందుకమ్మా? ఆ తరవాత ఏటైందో తెలుసా? వాళ్లమ్మ తొంగుంది. పక్కనున్న ముసిలాయన తొంగున్నాడు. టీ అమ్మేవోడు గ్లాసులోకి టీ వంపుతూ వంపుతూ అలగే నిలబడి తొంగున్నాడు, ఆడు తొంగున్నా టీ ఆగనేదు, గ్లాసు నిండి పొంగి ప్లాటుఫారం మీద కాలవయిపోనాది. కుక్కలు బారుగా పడుకున్నాయి. మా పైడయ్య అయితే నా బుజం మీదే గురక. మెలకువగా ఉన్నది ఇద్దరమే, పాడతన్న ఆవిడ, డబ్బా ఆడిత్తన్న నాను. ఎందుకంటే పాటన్నాక తాళం ఉండాల. తాళం నేకపోతే పాట నడిసెళ్లలేదు, కూలబడిపోద్ది. అప్పుడొచ్చినాదమ్మా, దూరం నుంచి, హౌరా ఎక్స్‌ప్రెస్సు!"

"అది హరిశ్చంద్రపురంలో ఆగదు గద బావా" అన్నాడు సన్యాసయ్య.

"ఆగదనే గద సెప్తన్నాను! ఆగని బండి. ఆ స్టేషనుని కన్నెత్తి సూడని బండి. కూతేసుకుంటూ వచ్చి, పాట సెవిన పడగానే, కూతని మద్దిలో మింగీసినాది. నెమ్మదించినాది. ఇంకా నెమ్మదించినాది. మా ముందరకొచ్చి ఆగిపోనాది. డ్రైవరు కిటికీలోంచి తల బయటెట్టి, సెయ్యి గెడ్డం కింద పెట్టుకుని, అలగే తొంగున్నాడు. బోగీల్లో జనం జనమంతా! టిక్కట్టు కలెక్టరు సాపిన సెయ్యి సాపినట్టే ఉన్నాది. దాని ఎనకాల ఇంకో బండి, దాని ఎనకాల గూడ్సు, పలాస దాటి, ఇచ్చాపురం దాటి, బరంపురం దాకా రైళ్లు జెడలాగ నిలుసుండిపోనాయి. ఒక్క ఒరియా సాదువు మాత్రం కళ్లు సగం తెరిసి 'బొహుత్ భొలొ, బొహుత్ భొలొ', సానా బాగున్నాది అని, మళ్లీ తొంగున్నాడు."

"మరి లేపినోలెవలు?" కమలకుమారి నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"ఎవలు లేపుతారు? నాను డబ్బా ఆపినాను, అందరూ లేసినారు. డ్రైవరు దిగొచ్చి నాకు దండమెట్టినాడు. 'బాబూ, పుట్టి బుద్ధెరిగాక ఇంత నిద్ర పోనేదు' అన్నాడు."

"నీకెందుకెట్టినాడు? పాడినాది రత్నాలమ్మ గదేటి?"

"అందుకే అన్నాను, తాళం!"

అరుగంతా నవ్వింది. తనూజ కూడా నవ్వింది. పసిది ఆ నవ్వులకు ఒక్క క్షణం బిత్తరపోయి, మళ్లీ అందుకుంది. తనూజ అత్త వైపు చూసింది. రత్నాలమ్మ తలెత్తలేదు. బొటనవేలి గోటితో గింజ గింజకూ పొట్టు రాలుస్తూ ఉంది. తన గురించి కాదన్నట్టు, అసలా రైలూ ఆ స్టేషనూ వేరే ఎవరివో అన్నట్టు.

"ఇంతకీ ఏ పాట మావయ్యా అది?" తనూజే అడిగింది.

"ఏ పాటంటావేటి? ఉద్దానంలో ఆ పాట తెలీనోలెవులు?" నీలకంఠం డబ్బా మీద వేళ్లాడిస్తూ ఎత్తుకున్నాడు. ఆయన గొంతు తుప్పుపట్టిన గడియలాగుంది. "తూరుపు గాలమ్మా తొందరెందుకే..."

"తొందర కాదు."

ఆ మాట ఎంత మెల్లగా వచ్చిందంటే తనూజకు తప్ప ఎవరికీ వినబడలేదు. రత్నాలమ్మ దించిన తల దించినట్టే ఉంది. చేతిలో గింజ మాత్రం ఆగింది.

నీలకంఠం అప్పటికే జీడి తోటలోకి వెళ్లిపోయాడు.

"రైలంటే మనిసి సేసినది, ఆగితే ఆగినాది. ఎలుగుబంటి మాటేటంటావు? జీడిపళ్ల కాలం. తోటలో ఆడోళ్లు పిక్కలేరుతున్నారు. పొద్దెక్కనేదింకా. మీ అత్త ముందర, ఎనకాల ఏడెనిమిది మంది. నాను గట్టు మీద కూకుని పైడయ్యతో యవ్వారం ఆడతన్నాను. పొదలు కదిలినాయి. సూత్తే ఎలుగు! మామూలు ఎలుగు కాదు, మన సన్యాసయ్య వ్యానంత ఉన్నాది. ఈపు మీద పిల్ల. ఆడోళ్లు బుట్టలొగ్గీసి అరుపులు. పైడయ్య సెట్టెక్కీసినాడు, నన్నిడిసిపెట్టి. ఆ తరవాత ఏటైందో తెలుసా? మీ అత్త పరిగెత్తనేదు. నిలబడిపోనాది, కాళ్లు రానేదో ఏటో. నిలబడి అదే పాట అందుకుంది. నా సేతిలో డబ్బా నేదు. ఏం సేత్తాను? నా సొంత పొట్టమీదే వాయించీసినాను!"

చొక్కా ఎత్తి మరీ వాయించి చూపించాడు. కమలకుమారి చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎలుగు కూలబడిపోనాది. మనలాగే, కాళ్లు సాపుకుని. పిల్లని ఒళ్లోకి లాక్కుని ఊపుతున్నాది. పాట అయిపోనాక లేసి, మంచి పండిన జీడిపండొకటి కోసి, నా సేతిలో ఎట్టి ఎల్లిపోనాది."

"మళ్లీ నీ సేతిలోనేనా?"

"మళ్లీ నా సేతిలోనే. మర్నాడు సూత్తే ఒక ఎలుగు కాదు, బారుగా ఎలుగులు! అన్నీ పిల్లల తల్లులే. పిల్లలు తొంగోట్లేదంట, ఎత్తుకొచ్చినాయి. పైడయ్య సెట్టు మీద నుంచే తోసుకోకండి, తోసుకోకండి అని వరస సరిదిద్దినాడు."

"జీడితోటలోన సెట్టు కొమ్మల్లో... " అని రెండో ముక్క ఎత్తుకున్నాడు నీలకంఠం, తల ఊపుతూ. "సిలకొకటి కూకుంది సిన్నబోయేనే..."

రత్నాలమ్మ చేతిలోని గింజను చేటలో పెట్టింది. పెట్టి, మళ్లీ తీసింది. ఆమె పెదవులు కదిలాయి. తప్పుగా కట్టిన పందిరిని చూస్తూ ఊరుకోలేని మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె ముఖం. తనూజ పిల్లను భుజానికెత్తుకుని, ఎందుకో తనకే తెలియకుండా, అత్తకు ఒక జానెడు దగ్గరగా జరిగి కూర్చుంది.

"తేలినీలాపురం పక్షుల సంగతి సెప్పనేదు గదా మీకు" నీలకంఠం గొంతు ఇంకాస్త పెంచాడు. వాన కూడా పెరిగింది. "టెక్కలి దగ్గర, పై దేశాల నుంచి వత్తాయి సూడు, పెద్ద పెద్ద కొంగలు, అవి. గుడ్లు పెట్టి, పిల్లల్ని సేసి, రెక్కలొచ్చాక ఎల్లిపోతాయి. ఒక ఏడు మీ అత్త అక్కడ సుట్టాలింట్లో నాట్లకెల్లి పాడినాది. నాను గట్టు మీద. పక్షులు ఎల్లడం మర్సిపోనాయి! ఎండాకాలం వచ్చినాది, నేదు. వానాకాలం వచ్చినాది, నేదు. వాటి దేశంలో ముసిలి పక్షులుంటాయి గదా, అమ్మా నాయనలు, అవి కంగారు పడిపోయి ఎతుక్కుంటూ వచ్చీసినాయి. వచ్చి ఏటి సేసినాయి? అవీ కూకుండిపోనాయి! కొమ్మలు సాలక ఒకదాని మీద ఒకటి. తెల్లగా, మంచు కురిసినట్టు."

"మంచు నువ్వెక్కడ సూసినావు బావా?"

"అక్కడే సూసినాను."

సన్యాసయ్య ఈసారి నవ్వలేదు. ఏదో వినబడినట్టు తల కాస్త పక్కకు తిప్పాడు. నీలకంఠం అది చూసి, కథ పట్టు పడుతోందనుకున్నాడు. మఠం సర్దుకుని, చేతులు రెండూ గాలిలోకి లేపాడు.

"ఇయ్యన్నీ ఒక ఎత్తు. డొంకూరు సముద్రం ఒక ఎత్తు. ఇప్పుడు సెప్తాను, సెవులు రిక్కించుకోండి. డొంకూరులో నాకు తెలిసినోలింట్లో పండగ. ఎల్లినాం. పొద్దున్నే ఒడ్డుకెల్తే సముద్రం పిచ్చెక్కినట్టున్నాది. వలలేసుకుని ఎల్లాల్సిన మగోళ్లంతా ఒడ్డునే తలలు పట్టుకుని కూకున్నారు. మీ అత్త నీళ్ల అంచుకెల్లి నిలబడినాది. నాను పడవ మీద సెయ్యేసినాను, పడవే నా డబ్బా..."

అత్త చేతులను ముందుగా గమనించింది తనూజ. ఇందాకటిదాకా ఆ వేళ్లు గింజ తర్వాత గింజను తీశాయి, అంతే. ఇప్పుడు వాటికి ఒక నడక వచ్చింది. రెండు గింజలు, ఒక విరామం. రెండు గింజలు, ఒక విరామం. పొట్టు రాలే సవ్వడికి కూడా లయ ఉంది. తర్వాత వచ్చింది గొంతు. మొదట అది పాటలా లేదు. దగ్గుకు ముందు గొంతులో కదిలే జీరలా ఉంది. ఎన్నాళ్లుగానో మూసి ఉన్న తలుపు తెరిస్తే కింద చెక్క రాసుకున్నట్టుంది. నీలకంఠం తప్పును సరిదిద్దుతున్నట్టు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు,

"తూరుపు గాలమ్మ తొంగి సూడకే,
తొంగున్న పాపమ్మ కన్ను తెరిసేనే..."



"... కెరటం లేసినాది!" నీలకంఠం అంటున్నాడు. "తాటిసెట్టంత! లేసినాక ఇరిగి పడాల గద? పడనేదు! పాట ఇంటూ నిలుసుండిపోనాది, గోడలాగ, అద్దంలాగ. లోపల సేపలు తిరుగుతున్నాయి, వంజరాలు, సందువాలు, పేరు తెలీనివి..."

"జీడితోటలోన సెవులు రిక్కించి
నీడొకటి నిలుసుంది, నీవు కదలకే..."

కమలకుమారి చెయ్యి చేటలోనే ఆగిపోయింది. సన్యాసయ్య బీడీ వేళ్ల మధ్య ఆరిపోయింది, అతను చూసుకోలేదు. ఎదురింటి చూరు కింద బిందె పెడుతున్న మనిషి వంగిన నడుము వంగినట్టే ఆగింది. నీలకంఠం చుట్టూ చూశాడు. అందరి నోళ్లూ తెరుచుకుని ఉన్నాయి, కళ్లు పెద్దవయ్యాయి, ఒక్కరూ అడ్డు తగలడం లేదు. తన జన్మలో ఏ కథకూ ఇంతటి మౌనం దొరకలేదు ఆయనకు. ఆ సంబరంతో ఇంకా రెచ్చిపోయాడు.

"నాను ఎల్లి ఆ కెరటాన్ని ఏలితో తట్టినాను! లోపలున్న సందువా అటేపు నుంచి నా ఏలికి మూతెట్టి ముద్దెట్టుకుంది! జనమంతా వచ్చి కెరటంలో సెయ్యెట్టి, కొబ్బరికాయలు కోసినట్టు సేపలు కోసుకుంటన్నారు! నాను గట్టిగా అరిసినాను, ఒరే, ఒక్కో ఇంటికి ఒక్కో..."

"మావయ్యా!"

అందరూ ఉలిక్కిపడ్డారు. పెద్దవాళ్ల ముందు గొంతెత్తి ఎరగని కోడలు. తనూజ కళ్లు నిండి ఉన్నాయి.

"నీ కెరటం తరవాత సెప్పుదువు గానీ, కాసేపు నోరు మూసుకో మావయ్యా. అత్త పాడతన్నాది!"

నీలకంఠం చేతులు గాలిలోనే ఉండిపోయాయి. పగలబడి నవ్వడానికి ఎవరికీ తీరిక లేదు. ఆయన మెల్లగా తల తిప్పాడు. రత్నాలమ్మ ఎవరినీ చూడడం లేదు. చేటలోని తెల్లటి గింజలను చూస్తూ పాడుతోంది.

"ఉప్పుటేటి నీరు ఊగి వచ్చేను,
ఊయల తాడట్టి ఊపి పోయేను.
ఊపిన సెయ్యేది, ఊరు అడిగితే
వాన సినుకని సెప్పు, ఊరు నమ్మేను..."

గొంతు తియ్యగా ఏం లేదు. అక్కడక్కడా పగిలింది. ఒకచోట పూర్తిగా ఆగిపోయింది కూడా, అప్పుడు ఆమె ఒక గింజకు పొట్టు తీసి, మళ్లీ అక్కడి నుంచే అందుకుంది. ఆ పగుళ్లలోంచే పాట ఇంకా లోతుగా దిగుతోంది. తనూజకు తన పుట్టింటి పెరడు గుర్తొచ్చింది. లారీలో ఎక్కడో ఉన్న మొగుడు గుర్తొచ్చాడు. ఎన్నడూ చూడని మావగారు, ఆటోలో ఈ పాట వింటూ పలాస వెళ్లే మనిషి, ఆయన కళ్లు మూసుకున్న ముఖం ఇదీ అని ఎవరో చూపించినట్టు కనబడింది. రెండేళ్లుగా ఒకే కప్పు కింద, ఒకే గిన్నెలో అన్నం పంచుకున్న మనిషి. గేటేసినావా అని అడిగే మనిషి. ఆ మనిషి లోపల ఇదంతా ఉందా? ఇన్నాళ్లూ ఇది లోపలే ఉండగా ఆమె అన్నం వండిందా, బట్టలు ఉతికిందా, బస్తాలు మోసిందా? తనూజకు అత్తను ముట్టుకోవాలనిపించింది. ధైర్యం చాలలేదు.

వీధిలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. వానలో నెత్తిన బస్తా పెట్టుకుని పరుగెత్తుతున్న ఒకతను, ఇంటి ముందుకు వచ్చేసరికి పరుగు ఆపాడు. చూరు కిందికి రావచ్చునన్న ధ్యాస కూడా లేనట్టు, నడివీధిలో, ఆ వానలోనే నిలబడి విన్నాడు. నీళ్లు గడ్డం మీంచి కారుతున్నాయి. తుడుచుకోలేదు.

పాట అయిపోయింది. నీలకంఠం ముందున్న డబ్బా ఉన్నచోటే ఉంది, ఆయన చేతులు దాని మీదికి వెళ్లలేదు. నడివీధిలో మనిషి ఒకసారి తల ఊపి, బస్తా సర్దుకుని, మామూలు నడకతో వెళ్లిపోయాడు.

అప్పుడు చూసుకున్నారు అందరూ పసిదాన్ని. అది తనూజ భుజం మీంచి తల పైకెత్తి, కళ్లు ఇంతింత చేసుకుని, రత్నాలమ్మ నోటినే చూస్తోంది. ఏడుపు లేదు. నిద్ర అసలే లేదు.

"జోల పాడితే తొంగోవాల గానీ, ఇది సూడు, దొంగ గుంట" అంది రత్నాలమ్మ. ఆమె నవ్వగా తనూజ చూడడం అదే మొదలు. చేట పక్కకు నెట్టి, చీరకు చేతులు తుడుచుకుని, రెండు చేతులూ చాపింది. "ఇలగియ్యమ్మా దాన్ని."

తనూజ ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ అత్త మోచేతిని ఒకసారి పట్టుకుని వదిలింది. రత్నాలమ్మ పసిదాన్ని ఒళ్లో వేసుకుని, కాళ్లు చాపి, పాట మొదటి ముక్కను గొంతులోనే మళ్లీ తిప్పుకోసాగింది.

సన్యాసయ్యే ముందుగా తేరుకున్నాడు. ఆరిపోయిన బీడీని చూసుకుని, పారేసి, నీలకంఠం వైపు వంగాడు.

"బావా, మరా కెరటం ఏటైపోనాది? పడినాదా, నేదా?"

నీలకంఠం కళ్లు తుడుచుకున్నాడు, వాన నీళ్లే అన్నట్టు ముఖమంతా కలిపి తువ్వాలుతో రుద్దుకున్నాడు.

"కెరటాన్ని వొగ్గీరా" అన్నాడు చివరికి, చాలా మెల్లగా. "ఇన్నాళ్లూ ఊరందరికీ నాను సానా తక్కువ సెప్పీసినాను."